వేలి కింద మూసిన చుక్క

రాజాంలో ఇంటర్ చదువుతున్న మా మనవరాలు వరసగా రెండు పరీక్షల్లో లెక్కలు తప్పింది. ఇంకోసారి తప్పితే లెక్కల గ్రూపు మాన్పించేస్తానన్నాడు మా అబ్బాయి. పిల్ల అన్నం సరిగా తినడం మానేసింది.

"నువ్వు పక్కన కూకోయే అమ్మా. సదువుతందో, బట్టీ కొడతందో సూసి సెప్పు" అని నన్ను కాపలా పెట్టాడు.

మొదటి రోజే నాకు అనుమానం తగిలింది. పైన ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు, కింద ఎక్స్ మైనస్ రెండు. ఎక్స్ రెండు దగ్గరికి వెళ్తే ఏమొస్తుందో చెప్పాలట, దాన్నే లిమిట్ అంటారట. రెండు పెడితే పైనా సున్నా, కిందా సున్నా. పిల్ల పైదాన్ని రెండు ముక్కలు చేసింది. అందులో ఒక ముక్కనీ, కిందదాన్నీ అడ్డంగా కొట్టేసి, మిగిలినదాంట్లో రెండు పెట్టి నాలుగని రాసింది.

"ఎందుకు కొట్టీసినావే?"

"ఎక్స్ రెండు కాదు కదా మామ్మా. అందుకే కొట్టీయొచ్చు."

"మరి ఆకర్న రెండే పెట్టినావు."

"దగ్గరికెల్తాది గానీ అక్కడికెల్లదు."

"ఎల్లకుండా అక్కడేటున్నాదో నీకెలా తెలిసింది?"

"మా సారు కూడా ఇన్ని అడగడు" అని మూతి తిప్పుకుంది.

గడగడా చెప్పేవాళ్లను నేను నమ్మను. నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాక, పెద్దవాళ్ల బడిలో. మాలో సగం మంది పాఠం బట్టీ కొట్టేసి, కళ్లు ఎక్కడో పెట్టి అప్పజెప్పేవారు. మా టీచరమ్మ ఊరుకునేది కాదు. బోర్డు మీద ఒక మాట చెరిపి, అక్కడ వేరే మాట రాసి, చేత్తో మూసేసేది. ముందూ వెనకా చదివి అక్కడేముండాలో చెప్పమనేది.

మర్నాడు పిల్ల ఆ లెక్కకే గ్రాఫు గీసింది. ఏటవాలు గీత, రెండు దగ్గర, అక్కడ విలువ లేదని గుర్తుగా, చిన్న కన్నం. తను మంచినీళ్లకు లేవగానే, కన్నానికి సరిగ్గా పైన, ఏడు ఎత్తులో ఒక చుక్క పెట్టాను. కన్నమూ చుక్కా కనబడకుండా వేలు నిలువుగా ఆనించాను.

"ఇక్కడికి ఏటి రావాలే?"

పిల్ల గీత వెంబడే ఎడమ నుంచి వచ్చి నా వేలి దగ్గర ఆగింది. తర్వాత కుడి నుంచి వచ్చి ఆగింది.

"ఇటునుంచీ నాలుగే, అటునుంచీ నాలుగే. లిమిట్ నాలుగు."

వేలు తీశాను. తడబడుతుందేమోనని చూస్తున్నాను.

"ఈ సుక్క ఎవులు పెట్టినారు?"

"నేనే."

"నువ్వెక్కడెట్టినా లిమిట్ నాలుగే మామ్మా. గీత తెగిపోతాది, అంతే. నీ సుక్కని దింపి కన్నంలో పెడితే అతుక్కుంటాది. కంటిన్యుటీ అంటే అదే."

సాయంత్రం మా అబ్బాయి అడిగాడు. "ఏటమ్మా, బట్టీయేనా?"

"నా సుక్క ఏ పుస్తకంలో ఉన్నాదిరా బట్టీ కొట్టడానికి? గ్రూపు మార్సకు."

వాడు "సరే, ఉండనీ" అన్నాడు. వంటింట్లో పిల్ల రెండోసారి అన్నం పెట్టుకుంటున్న చప్పుడు వినబడింది.

ఆ అడ్డంగా కొట్టేయడం సంగతి మాత్రం రేపు మళ్లీ అడగాలి.