ఉర్దూ మేడం గారి అందరి పాఠం

మా ఉర్దూ మేడం పోయారని మానవపాడు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో కాలేజీ మీటింగులో ఉన్నాను. మొదటి సంవత్సరం పిల్లలు ఫోన్లలో వీడియో పాఠాలను చివరిదాకా చూస్తున్నారా, మధ్యలో ఆపేస్తున్నారా అన్నది ఆ రోజు చర్చ. ఫోన్ చేసినవాడు ఆమె దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే ఊళ్లో విత్తనాల దుకాణం నడుపుతున్నాడు. "సార్, మన మేడం పోయిండ్రు. సాయంత్రం నమాజ్ అయినంక మట్టి. వస్తరా?" అన్నాడు. వస్తానన్నాను. పక్కనున్న లెక్చరర్‌కి చెబితే, "అయ్యో, ఏ మేడం?" అని అడిగి, నేను చెప్పేలోపే తెర వైపు తిరిగాడు. ఆయన్ని అని లాభం లేదు. ఆమె పేరు మా పాత కాలేజీ గేటు దాటి ఎప్పుడూ వెళ్లలేదు. ఆమె చేసిన పని కూడా నిలవలేదు.

వనపర్తిలో ఒక బస్సు, కొత్తకోటలో ఇంకో బస్సు మారుతూ వెళ్తుంటే దారి పొడుగునా ఆమే గుర్తొచ్చారు. గద్వాల వైపు ఒక డిగ్రీ కాలేజీలో మేమిద్దరం చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. నాది కామర్స్. ఆమెది ఉర్దూ. ఉర్దూ తీసుకునే పిల్లలు ఏటేటా తగ్గిపోయి, చివరికి ఆమె క్లాసులో బల్లలు మాత్రమే మిగిలాయి. స్టాఫ్‌రూంలో మావాళ్లు ఊరుకుంటారా? "మేడం, మీకేం, రోజూ దావతే" అని ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వేసేవారు. కానీ తన గంట మోగినప్పుడు మాత్రం హాజరు పట్టీ పట్టుకుని ఆ ఖాళీ గదికి వెళ్లి కూర్చుని వచ్చేవారు.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ గ్రూపు వాళ్లయినా సరే, మొదటి సంవత్సరం పిల్లలందరికీ కలిపి ఒక సాధారణ పాఠ్యాంశం ఉండాలట. అందులో ఏముండాలో కాలేజీయే ఆలోచించుకోవాలట. ఎవరికీ అక్కర్లేని పని ఖాళీగా ఉన్నవాళ్ల నెత్తిన పడటం మన దగ్గర రివాజే కదా. ఆ పని మేడం నెత్తిన పడింది. సాయానికి నన్ను వేశారు. ఎక్కడిదో ఒక సిలబస్ తెచ్చి పైన మా కాలేజీ పేరు అతికిస్తే సరిపోతుందని అందరమూ అనుకున్నాం. ఆమె ఒక్కరే అలా అనుకోలేదు.

మొదటి మీటింగులోనే అడిగారు: "మన పిల్లలు ఫస్టియర్లనే ఎందుకు బంద్ చేస్తుండ్రు?" ఎవరో "చదువు మీద శ్రద్ధ లేదు మేడం" అన్నారు. ఆమె కళ్లద్దాలు తీసి చున్నీ అంచుతో తుడుచుకున్నారు. "శ్రద్ధ లేక కాదు సారు. వాండ్ల ఇంటి సంగతి మన పుస్తకంల లేదు. మన పుస్తకం సంగతి వాండ్ల ఇంట్ల లేదు. నడుమ వాండ్లు పరేషాన్ అయితుండ్రు" అన్నారు.

అలా పుట్టింది 'అందరి పాఠం'. పేరు ఆమే పెట్టారు. నీళ్లు, విత్తనం, వలస. పాఠ్యాంశాలు ఈ మూడే. మా కమిటీలో ఒకాయన "ఇవి చదువా మేడం, బతుకు కష్టాలు గాని" అన్నాడు. "ఇంక దేని గురించి చదవాలె సారు?" అని ఆమె నిజంగానే అడిగారు. వెటకారం ఆమెకు చేతకాదు.

గది ఇవ్వలేదు. పాత స్టోర్‌రూం ముందు వరండా ఇచ్చారు. మేడం ఇంటి నుంచి ఒక పెద్ద జంపఖానా తెచ్చి పరిచారు. చెప్పులు బయట విప్పి రావాలి. "చెప్పులతోని మీ గ్రూపును గూడ ఆడనే విడిచి రాండ్రి" అనేవారు. ఉత్తమాట కాదు, అది ఆమె పెట్టిన నియమం. సైన్సు వాళ్లు సైన్సు జవాబు చెప్పకూడదు. కామర్స్ వాళ్లు లెక్కల జోలికి పోకూడదు. ఊళ్లో బోరు ఎందుకు ఎండిందో నా కామర్స్ పిల్లలు చెప్పాలి. బోరు వేయించినాయన ఇప్పుడు ఏం చేసి బతుకుతున్నాడో సైన్సు పిల్లలు చెప్పాలి. తెలుగు, చరిత్ర చదివేవాళ్లు భూమి లోపల నీరు ఎలా నడుస్తుందో బొమ్మ గీసి చూపాలి. మొదటి వారం పిల్లలు బిత్తరపోయారు. తమకు తెలియని సంగతి మీద నోరు తెరవమని ఎవరూ వాళ్లను అంతకుముందు అడగలేదు.

మేడం ప్రశ్న అడిగాక ఆగేవారు. ఒకసారి ఉండబట్టలేక నేనే జవాబు అందించబోతే చెయ్యెత్తి ఆపారు. "జర ఆగుండ్రి సారు. లోపల ఉడుకుతుంటది. ఊకె మూత తీస్తే ఉడకదు." కాసేపటికి వెనక కూర్చున్న ఒక అమ్మాయి, అడ్మిషన్ అయినప్పటి నుంచీ ఎవరూ గొంతు వినని పిల్ల, నెమ్మదిగా లేచింది. "మేడం, మా నాయిన బోరు ఎండలే. పక్కాయన ఇంకింత లోతు ఏసిండు" అంది. వరండా అంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. "ఆఁ, శానా మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇంకెవరు చెప్తరు?" అన్నారు. ఆ తర్వాత మా పిల్లలు ఎంత పోట్లాడుకున్నారని! గంట కొట్టినా లేవలేదు. నా ఉద్యోగంలో పిల్లలు గంటను లెక్కచేయకపోవడం నేను చూసింది ఆ వరండాలోనే.

మరుసటి ఏడాది అదంతా పోయింది. ఎలా పోయిందో చెప్పాలి.

మా వైపు విత్తన పత్తి సాగు ఎక్కువ. సాయంత్రం ఆడమొక్కల మొగ్గలు ఒలిచి పెట్టుకోవాలి. తెల్లవారాక మగపువ్వు తెచ్చి ఒక్కోదానికి అద్దాలి. క్రాసింగ్ అంటారు. పువ్వు ఆ పూటకే. ఇవాళ్టిది రేపు అద్దుదామంటే ఉండదు. ఆ వారాల్లో ఇంటిల్లిపాదీ చేలోనే, డిగ్రీ చదివే పిల్లలతో సహా. ఈ సంగతి తెలిసే మేడం, అందరి పాఠం దసరా తర్వాత మొదలుపెడదామని పైకి రాశారు. అందరికీ ఒకటే క్యాలెండర్, మార్చడం కుదరదని జవాబొచ్చింది. సరిగ్గా క్రాసింగ్ రోజుల్లోనే మొదలుపెట్టాల్సి వచ్చింది. పిల్లలు నీళ్లు నములుతూ ఆమె దగ్గరికి వచ్చారు. "పోండ్రి బేటా. పువ్వు ఆగదు, పాఠం ఆగుతది" అన్నారు మేడం.

పాఠం ఆగలేదు. ఆ వారమే తనిఖీకి అధికారులు వచ్చారు. జంపఖానా పరిచి ఉంది, దాని మీద మేడం ఒక్కరే కూర్చుని ఉన్నారు. వరండా ముందు ఒక్క జత చెప్పులున్నాయి, అవీ ఆమెవే. "పిల్లలేరీ?" అని అడిగితే, "నేనే పంపిన సార్, చేనుకు" అన్నారు. అబద్ధమాడితే గట్టెక్కేది. పండగకు వెళ్లారనో, పరీక్ష ఉందనో అని ఉండొచ్చు. నేను పక్కనుంచి సైగలు చేస్తూనే ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు. "విత్తనమే ఈ నెల పాఠం సార్. వాండ్లు చేన్ల ఉన్నరంటే పాఠంలనే ఉన్నట్టు" అని చెప్పబోయారు. వాళ్లు అప్పటికే జీపు వైపు నడిచారు. పిల్లలకు ఆసక్తి లేదని తేల్చారు. అందరి పాఠం స్థానంలో ఫోన్‌లో చూసే వీడియోలు, చివర టిక్కు పెట్టే ప్రశ్నలు వచ్చాయి. అన్ని ఊళ్లకూ ఒకే వీడియోలు.

ఆ వీడియోల్లో ఒక పాఠం చెప్పమని మేడంనే పిలిచారు. పోవద్దన్నాను. నాకు మండిపోయింది మరి. "ఒక్కటన్న మనది ఉండనీయుండ్రి సారు" అన్నారు. నీళ్ల పాఠం చెప్పారు. కెమెరా ముందు కూడా ప్రశ్న అడిగి ఆగారు. ఎదురుగా ఒక్క పిల్లా లేదు. రికార్డింగ్ వాళ్లు ఆ ఖాళీలు కత్తిరిస్తామంటే ఒప్పుకోలేదు. "అవి తీసేస్తే ఇగ పాఠమేముంటది?" అని పట్టుబట్టారట. వాళ్లు విసుక్కుని అలాగే వదిలేశారు.

రిటైరయ్యాక మానవపాడులో తమ్ముడి ఇంట్లో ఉన్నారు. నాకు నాగర్‌కర్నూల్ బదిలీ అయింది. ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేవారు. "అందరి పాఠం మల్ల ఏమన్న లేస్తదా సారు?" లేవదు మేడం అనేవాణ్ణి. "నాకు ఎర్కనే. అడిగితె పోయేదేముంది" అనేవారు. మళ్లీ ఫోన్‌లో మళ్లీ అడిగేవారు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు మాత్రం అడగలేదు. దవాఖాన సంగతులు, తమ్ముడి పిల్లల సంగతులు చెప్పి పెట్టేశారు. ఆమె ఆశ వదులుకున్నారని నాకు అప్పుడే అర్థమైంది.

మట్టికి ఎక్కువమంది రాలేదు. బంధువులు, వాడకట్టు వాళ్లు, విత్తనాల దుకాణం అబ్బాయి, నేను. పాత పిల్లలు చాలామంది చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. కానీ క్రాసింగ్ రోజులు, అందులోనూ మొగ్గలు ఒలిచే వేళ. "అందరికీ చెప్పిన సార్, చేన్లు విడిచి ఎట్ల వస్తరు" అని దుకాణం అబ్బాయి తలవంచుకున్నాడు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. బతికి ఉంటే ఆమే చేనుకు పొమ్మనేవారు. పిడికెడు మట్టి వేసి, చేతులు దులుపుకోబుద్ధి కాక అలాగే బయటికి వచ్చాను.

బస్సు కోసం పత్తి చేను గట్టు మీదుగా రోడ్డు వైపు నడుస్తున్నాను. పక్క మండలం నుంచి కూలికి వచ్చిన ఆడవాళ్లు వరసల్లో మొగ్గలు ఒలుస్తున్నారు. గట్టు మీద సద్దిగిన్నెకు ఆనించి ఒక ఫోన్ పెట్టి ఉంది. అందులోంచి మేడం గొంతు వినబడింది. ఆగిపోయాను.

నేను నిలబడటం చూసి వరసలోంచి ఒక అమ్మాయి కేకేసింది. "నాదే సార్ ఫోను. డిగ్రీ ఫస్టియర్. ఆఖరి దాక నడువకుంటే హాజరు పడదు."

"ఆమె ఎవరో తెలుసా?" అన్నాను.

"తెల్వదు సార్. ఎవరో మేడం. నడుమ నడుమ ఊకె మాట్లాడకుంట ఉంటది, ఫోను ఆగిందేమో అనుకుంట" అని మళ్లీ వంగి పనిలో పడింది.

తెర మీద మేడం అడుగుతున్నారు: "మీ ఊరికి నీళ్లు ఏడికెల్లి వస్తున్నయి? చెప్పుండ్రి." అడిగి, కళ్లద్దాలు తీసి, చున్నీ అంచుతో తుడుచుకుంటూ ఆగారు. ఆ అమ్మాయి ఒలుస్తూ ఒలుస్తూ చేను అవతలి కొసకు వెళ్లిపోయింది. మేడం ఆగే ఉన్నారు. కాసేపటికి అద్దాలు పెట్టుకుని, ఎవరో చెప్పినట్టే తలూపారు.

"ఆఁ, శానా మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఇంకెవరు చెప్తరు?"