పాయలకు గంజి

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి నేను సంపాదించిన ఉద్యోగం, ఎవరివో తెలియని వెంట్రుకలకు తలంటు పోయడం. కొత్తకోటలో మా ఇంటి నుంచి హైవే పక్కనున్న షాంపూ కంపెనీ ల్యాబుకు బస్సులో అరగంట. అక్కడ జానెడు పొడవు జుట్టు పాయలను కడిగి, ఆరబెట్టి, దువ్వే మిషన్‌కు తగిలించాలి. దువ్వెన ఎంత బలంగా లాగాల్సి వచ్చిందో మిషన్ గీత గీసి చూపిస్తుంది. ఇంట్లోవాళ్లు మాత్రం చుట్టాలకు సైంటిస్టని చెప్పుకునేవారు. నేనూ కాదనలేదు.

ఆరు నెలల ట్రెయినీ గడువు అయిపోవచ్చింది. కొత్త షాంపూ పరీక్ష సరిగ్గా చేసి చూపిస్తే పర్మనెంటు, లేకపోతే ఇంటికి. పది పాయలు తీసుకుని ఐదింటిని షాంపూతో కడిగి ఎర్ర దారం కట్టాను. మిగతా ఐదూ ఉత్త నీళ్లతో కడిగాను. ఆ శనివారమే ఆరబెట్టే గదిలో ఏసీ చచ్చింది. ఎవరికీ చెప్పకుండా పాయలన్నీ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, మా అవ్వ మగ్గం గదిలో తీగకు వేలాడదీశాను. తప్పని తెలుసు. తెలిసే చేశాను.

సోమవారం మిషన్ దగ్గర మా సారు ముఖం వెలిగిపోయింది. షాంపూ పాయల్లో దువ్వెన ఎక్కడా ఆగలేదు. తర్వాత ఉత్త నీళ్ల పాయలు పెట్టాను. వాటిలోనూ ఆగలేదు.

"నీళ్లకూ మన షాంపూకూ తేడా లేకపోతే మనమెందుకమ్మా ఇక్కడ?" అన్నాడు సారు.

ఒక పాయ తీసి వాసన చూశాను. గంజి, పల్లినూనె. మా అవ్వ! బతుకంతా పడుగు నూలుకు గంజి పెట్టి కుంచెతో నున్నగా దువ్విన మనిషి. మగ్గం గదిలో తీగకు వేలాడేదాన్ని ఊరికే వదులుతుందా?

నోరు మూసుకుంటే షాంపూ పోతుంది, దానితో నేనూ పోతాను. చెబితే నేనొక్కదాన్నే పోతాను. చెప్పేశాను. సారు ఆ పాయలన్నీ చెత్తబుట్టలో పడేశాడు. "మళ్లీ మొదట్నుంచి చెయ్యి. ఈసారీ తేడా కనిపించకపోతే ఇక రానక్కర్లేదు" అన్నాడు.

ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. "ఎవరడిగిండ్రవ్వా నిన్ను గంజి పెట్టుమని? నా నౌకరి పోతాంది!"

"గట్లెందుకు ఒర్లుతవు బిడ్డా? ఎర్రదారం కట్టినవి మెత్తగనే ఉండె. కడమవే పీచు లెక్క ఉండె. అన్నీ ఒక్క తీరుగ రావాలె గదా అని గా పీచువాటికి రెండుసార్లు పెట్టిన."

భయం పోయింది, సిగ్గేసింది. లక్షల మిషన్ చెప్పాల్సిన సంగతి అవ్వ వేళ్లకు ఆదివారమే తెలిసింది.

బుధవారం మిషన్ కూడా అవ్వ చెప్పినట్టే గీసింది. పర్మనెంటు కాగితం చేతికొచ్చిన రోజు అవ్వ పక్కన కూర్చుని, "గా ముక్క ముందే చెప్తే నాకు గీ తిప్పలుండకపోతుండె గదవ్వా" అన్నాను.

"నువ్వడిగినవా?" అన్నది.