ముత్తవ్వ గడి

స్ప్రెడ్‌షీట్‌ను నేను మొదట చూసింది కంప్యూటర్ తెర మీద కాదు, తిరువళ్ళూరు లైబ్రరీలో అట్ట ఊడిపోయిన ఒక తమిళ పుస్తకంలో. అప్పటికి నా దగ్గర కంప్యూటర్ లేదు. పుస్తకంలోని గడులను నోటుబుక్కులో పెన్సిలుతో గీసుకుని, ఫార్ములా చేత్తో రాసి, జవాబు నేనే లెక్కగట్టి పక్క గడిలో వేసేవాణ్ణి. పదో తరగతితో ఆగిన చదువు నాది. ఆ తరవాత నాకు తెలిసినదంతా ఆ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర తెలిసిందే. తెలుగు పుస్తకాలు అక్కడ అర బీరువా ఉండేవి. అవి అయిపోయాక తమిళం, నచ్చిన తమిళం అయిపోయాక ఏది దొరికితే అది. ఈ సంగతి చెప్పుకోవడంలో నాకు కొంచెం గర్వం ఉంది. దాచినా దాగదు, ముందు ముందు ఎలాగూ బయటపడుతుంది.

తిరువళ్ళూరు దగ్గర ఒక చిన్న కంపెనీలో స్టోర్స్ చూసుకునే పని దొరికాక నిజమైన షీట్ చేతికొచ్చింది. కంపెనీకి కావలసింది ఏ బోల్టు ఎన్ని ఉన్నాయన్నది మాత్రమే. అది పది నిమిషాల పని. మిగిలిన సమయంలో ఆ గడులు నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. గడులన్నిటినీ చదరాలుగా కుదించి మా అన్న కొత్త ఇంటి ప్లాను గీశాను. మేస్త్రి దాన్నే చూసి గోడలు లేపాడు. అన్న కూతురికి ఇరవై ఒక్క చుక్కల ముగ్గు రంగులతో సహా వేసిచ్చాను. మా మేనేజరు ఒకసారి నా వెనక నిలబడి చూసి, "ఏమయ్యా, ఇందులో దోసె కూడా పోస్తావా?" అని తమిళంలో అడిగి వెళ్ళాడు.

దోసె పొయ్యలేదు గానీ, వరసలు కట్టాను.

తిరుత్తణి చుట్టుపక్కల మా తెలుగు ఊళ్ళలో చుట్టరికాలు తరతరాలుగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. పెళ్ళిలో ఎదురైన మనిషిని మామా అనాలో అన్నా అనాలో తెలియక, నోటితో ఏమీ అనకుండా నవ్వేసి తప్పుకునే వాళ్ళే ఎక్కువ. ఇంటిపేరు చూసి తేల్చుకుందామంటే, మా తమిళనాడు కాగితాల్లో ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. మా పిల్లల్లో చాలామందికి తమ ఇంటిపేరే తెలియదు. ఈ చిక్కును షీట్‌తో విప్పాలని నాకు బుద్ధి పుట్టింది.

ఒక్కో మనిషికి ఒక్కో వరుస, ఒక నంబరు. పక్క గడిలో తండ్రి నంబరు, దాని పక్కన తల్లి నంబరు. పైన రెండు గడుల్లో ఎవరివైనా ఇద్దరి నంబర్లు వేస్తే, ఫార్ములా తండ్రి నుంచి తాతకు, తాత నుంచి ముత్తాతకు, అలాగే తల్లి వైపూ ఎక్కుతూ పోయి, రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో వెతుకుతుంది. అక్కడ ఉన్నది అన్నదమ్ములైతే కింద పుట్టినవాళ్ళు అన్నాచెల్లెళ్ళు; అన్నాచెల్లెళ్ళైతే కిందివాళ్ళు బావామరదళ్ళు. పెళ్ళి కుదిరే వరసైతే జవాబు గడి పచ్చగా, కుదరనిదైతే ఎర్రగా మారేలా పెట్టాను. ఇది కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. పాత పెళ్ళి పత్రికలు, ఓటర్ల జాబితాలు, అన్నిటికంటే ముఖ్యంగా మా ఇంటి ట్రంకుపెట్టెలో దొరికిన ఒక భాగపత్రం నాకు ఆధారం. మనుషుల జ్ఞాపకం కంటే కాగితం మేలని లైబ్రరీలోనే ఒక చరిత్ర పుస్తకంలో చదివాను. ఆ మాట నాకు చాలా నచ్చింది.

చూస్తుండగానే పెళ్ళిళ్ళలో నాకు పేరొచ్చింది. "ఒరే, ఆ ఎర్ర చీరామె నాకేమవుతాది, నీ పెట్టెను అడుగు" అని లాప్‌టాప్ చుట్టూ మూగేవాళ్ళు. పంతుళ్ళ కంటే నాకే గిరాకీ ఎక్కువని మా అన్న ఎగతాళి చేసేవాడు.

ఆ అన్న కూతురికే సంబంధం వచ్చింది. ఆవడిలో ఒక రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తుంది ఆ అమ్మాయి. పెళ్ళికొడుకుదీ ఆవడిలోనే ఉద్యోగం. సొంత ఊరు తిరువళ్ళూరు అవతల ఆరణి పక్కన. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నాక ఇద్దరూ రెండు నెలలుగా సాయంత్రం ఆరింటి బండికి ముందు స్టేషన్ బయట కలిసి టీ తాగుతున్నారని అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. అంతగా నచ్చిన సంబంధం.

తాంబూలాలు మార్చుకునే రోజు పెళ్ళికొడుకు నాయన మా వసారాలో కూర్చుంటూనే నన్ను పట్టుకున్నాడు.

"బావా, నీ పెట్టె గురించి ఆరణి దాకా చెప్పుకుంటా వుండారు. మమ్మల్ని గూడా ఎక్కించు, చూస్తాం."

"బావా అని యాడినించి పట్టుకొచ్చినావు?" అని నవ్వాను.

"మా ముత్తాత మీ ఊరినించే ఆరణి పక్కకు పోయినాడంట. మీవోళ్ళు మాకు బావ వరస అని మా నాయన చెప్తా వుండె."

"చెప్తా వుండె అంటే సరిపోదు. పేర్లు చెప్పు."

ఆయన వేళ్ళు మడుస్తూ తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పాడు. మూడో పేరు వినగానే నా ఒళ్ళు పులకరించింది. ఆ పేరు నా భాగపత్రంలో ఉంది. ఒక పెద్దాయన పొలాన్ని ఇద్దరు చెరి సగం పంచుకున్న కాగితం అది. ఒకరు మా ముత్తాత. రెండోవారు ఈయన ముత్తాత. నంబర్లు వేశాను. ఫార్ములా రెండు వైపులా ఎక్కి పైన కలిసింది. గడి ఎర్రబడింది.

నేను నోరు మూసుకుని ఉండవలసింది. కనీసం అన్నను లోపలికి పిలిచి చెప్పవలసింది. ఒక పాత ముడి విప్పానన్న సంబరంలో, అందరికీ వినబడేలా, "బావ కాదు, మనం దాయాదులం! మన ముత్తాతలు ఇద్దరూ ఒకే తండ్రి కొడుకులు. పిల్లలిద్దరూ అన్నాచెల్లెలు అవతారు" అనేశాను. పైగా లోపలికి పోయి భాగపత్రం జిరాక్సు తెచ్చి చూపించాను.

పళ్ళెంలో తమలపాకులు అలాగే ఉన్నాయి. పెళ్ళికొడుకు తల్లి కొంగు సర్దుకుని లేచింది. భోజనం చేసి పొమ్మని మా వదిన బతిమాలింది గానీ, ఆకలి లేదన్నారు. గేటు దగ్గర పెళ్ళికొడుకు నాయన నా వైపు చూడకుండా చెప్పులు తొడుక్కుంటూ, "వస్తామన్నా" అన్నాడు.

గంట కిందట బావా అని పిలిచిన మనిషి.

మా అన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "రాసి పెట్టింది వుంటే ఏం జేస్తాం" అని మాత్రం అన్నాడు. ఆ మాటతో నాకు కొంత ఊరట కలిగిందని ఒప్పుకోవాలి. పెళ్ళయ్యాక తెలిసి ఉంటే ఎంత ఘోరం, నా షీట్ కాపాడింది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండు రోజులు ఆ మాట పని చేసింది. మూడో రోజు సాయంత్రం అన్న కూతురు అయిదింటి బండికే దిగి, నన్ను దాటుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. నాలుగో రోజూ అంతే. ఆ వారమంతా ఆరింటి బండికి ఆమె రానే లేదు.

ఉదయం మాత్రం ఇద్దరం తిరుత్తణిలో ఒకే బండి ఎక్కుతాం. నేను తిరువళ్ళూరులో దిగుతాను, ఆమె ఆవడికి పోతుంది. వారం రోజులు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్న పిల్ల, ఆ రోజు అరక్కోణం దాటాక నా వైపు తిరిగింది.

"చిన్నాయనా, ఆ షీట్ ఫోన్లో వుండాదా?"

"వుండాది."

"తెరువు."

తెరిచి ఇచ్చాను. రక్తం నమూనాలకు నంబర్లు వేసే అలవాటున్న చెయ్యి. వరుసలు చకచకా జరిపింది. నేను పేర్లన్నీ తమిళంలోనే కొట్టాను. మా ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కణ్ణే.

"ఈ పక్క గడులు ఏంది, పైకి పోయేకొద్దీ ఖాళీగా వుండాయి?"

"అవి తల్లి గడులు. పాత కాగితాల్లో ఆడోళ్ళ పేర్లు ఉండవు. దొరకలేదు."

"అయితే మీ ముత్తవ్వ ఎవురి బిడ్డ?"

"ఎవురో. యాడినించో వచ్చింటాది."

"మా ల్యాబులో ఒక ట్యూబు తక్కువైతే రిపోర్టు ఇయ్యరు చిన్నాయనా" అంది. "నువ్వు సగం గడులు ఖాళీగా పెట్టుకుని ఎట్ల చెప్పినావు?"

తిరువళ్ళూరు వచ్చింది. దిగడానికి లేచాను. "ఆదివారం అత్త దగ్గరికి పోదాం" అని మాత్రం అన్నాను.

అత్తంటే మా నాయన చెల్లెలు. తిరుత్తణిలో కొడుకు దగ్గర ఉంటుంది, ఎనభై దాటిన మనిషి. నిజానికి షీట్ కట్టేటప్పుడు మొదట అడగవలసింది ఆమెనే. అడగలేదు. ఆమెకు ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దూకే అలవాటు. రాసుకోవడం కష్టమని వదిలేశాను.

మేం వెళ్ళేసరికి టీవీలో తమిళ సీరియల్ నడుస్తోంది. "ఉండండి, ఆ ముండ ఇప్పుడు దొరికిపోతాది" అని చెయ్యి ఎత్తి మమ్మల్ని ఆపింది. ప్రకటనలు వచ్చాక శబ్దం తగ్గించి, "ఇంక చెప్పండి. కల్యాణం ఆపినోడు వచ్చినాడే!" అంది నన్ను చూసి.

నేను తలవంచుకుని అడిగాను. "అత్తా, మీ అవ్వ, అంటే మా ముత్తవ్వ, ఏ ఊరి మనిషి?"

"ఏ ఊరి మనిషి ఏందిరా? ఆ ఊరి మనిషే."

"పుట్టిల్లు అడుగుతా వుండా."

"ఆ ఇల్లే! ఆయమ్మ యాడినించీ రాలేదు. వచ్చినోడు మా తాత. ఇల్లరికం వచ్చినాడు." ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "ఆ పెద్దాయనకు ఒక్కతే కూతురు. మగబిడ్డ లేడని మా తాతను తెచ్చి ఇంట్లో పెట్టుకున్న్యాడు. ఆ తరవాత, వయసు మళ్ళినాక, ఒక కొడుకు పుట్టినాడు ఆయనకు. ఆరణి పక్కకు పోయింది ఆ కొడుకే. అల్లుణ్ణి వదల్లేదు పెద్దాయన. కొడుక్కి సగం, అల్లుడికి సగం. మా తాతను ఎవురైనా ఇల్లరికపోడు అంటే ఆయనకు కోపం. అందుకే ఇంట్లో ఎవురూ ఎత్తేవోళ్ళు కాదు."

అన్న కూతురు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ముత్తాత పక్కన నేను వేసిన తండ్రి నంబరు చెరిపేసింది. ముత్తవ్వకు కొత్త వరుస పెట్టి, ఆమె తండ్రి గడిలో ఆ నంబరు వేసింది. మా తాత పక్కన ఖాళీగా ఉన్న తల్లి గడిలో ముత్తవ్వ నంబరు వేసింది. పైన కలిసేది ఇప్పుడు అన్నదమ్ములు కాదు, అక్కాతమ్ముడు. గడి పచ్చబడింది.

"ఏమైంది, ఎందుకు ఏడస్తాది ఈ పిల్ల?" అని అత్త కంగారుపడింది. చెప్పాక, "దీనికి పెట్టె ఎందుకురా, నన్ను అడిగితే చాలదా?" అని శబ్దం పెంచుకుంది.

ఇంటికి వచ్చి భాగపత్రం మళ్ళీ తీశాను. నిదానంగా, వేలు పెట్టి, ఒక్కో మాటా చదివాను. ఇద్దరి పేర్లు ఉన్నాయి, వాళ్ళ తండ్రుల పేర్లు గానీ ఇంటిపేర్లు గానీ లేవు. పెద్దాయన పేరు ఉంది. చెరి సగం అని ఉంది. కొడుకులు అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట నేను కలుపుకుని చదివాను, కాగితం చెప్పలేదు. ఇన్నేళ్ళు పుస్తకాలు చదివిన మనిషిని, లేని మాటను ఉన్నట్టు చదివాను. షీట్‌ది ఏ తప్పూ లేదు. నేను పెట్టిన నంబరును అది నమ్మింది. అందరికంటే ఎక్కువ నన్ను నమ్మింది అదే.

తప్పు చెప్పుకోవడానికి ఫోన్ చాలదని అన్న అన్నాడు. ఇద్దరం తిరువళ్ళూరు వెళ్ళి బస్సు మారి ఆరణి పక్క ఊరికి పోయాం. పెళ్ళికొడుకు నాయన పశువులకు గడ్డి వేస్తున్నాడు. మమ్మల్ని చూసి, "రాండన్నా" అన్నాడు. ఇప్పటికీ అన్నే, బావ కాదు.

వాళ్ళ వాళ్ళు నలుగురు కూర్చున్నాక నిలబడే చెప్పాను. అత్త చెప్పింది చెప్పాను. భాగపత్రంలో లేని మాట చదివానని చెప్పాను. లాప్‌టాప్ తీసుకుపోలేదు. ఆ ఇంట్లో ఒక ముసలాయన, "ఆమా, ఇల్లరికం మాట మా పెద్దమ్మ గూడా అనేది" అని తల ఊపాడు. పెళ్ళికొడుకు గుమ్మంలోనే నిలబడి విన్నాడు. అంతా విని, ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోయాడు.

వాళ్ళ నాయన చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు నీ పెట్టెలో నేను నీకు ఏమవతాను?"

"బావ" అన్నాను.

"గట్టిగా చెప్పు. ఆ పొద్దు గట్టిగానే చెప్తివి గదా."

"బావ అవతావు."

"అట్లయితే తిట్టొచ్చు" అన్నాడు. "దాయాదిని తిడితే తగువు అవతాదని పది దినాలుగా నోరు కట్టుకుని వుండా. కూర్చో బావా, అట్ల కూర్చో."

ఆపైన ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నా చదువును, నా లైబ్రరీని, నా గడులను, పెట్టె చంకలో పెట్టుకుని పెళ్ళిళ్ళకు తిరిగే నా వాలకాన్ని, దేన్నీ వదల్లేదు. మా అన్న అడ్డు రాలేదు సరికదా, మధ్యలో రెండు అందించాడు కూడా. లోపల్నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినబడ్డాయి. నేను తలవంచుకుని, తెచ్చిచ్చిన మజ్జిగ తాగుతూ, ఆయన ఆపే దాకా విన్నాను.