ఫ్రిజ్జు దాచి ఇల్లు పోగొట్టుకున్న వైనం

శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున పదిన్నర. ఆ గంటకు మార్కాపురం మొత్తంలో నాకంటే తెలివైన మనిషి లేదని నా నమ్మకం. పదకొండున్నరకల్లా నా అంత మొద్దు ఇంకొకతె లేదని తేలిపోయింది. ఎట్లా అంటారా? యాభై దాటాక నేర్చిన అక్షరాలు, వంకరగా ఉంటాయి. సంగతి మాత్రం సూటిగానే చెబుతాను. నవ్వుకోండి. పోయేది ఎటూ ఆ రోజే పోయింది.

మాది అద్దె ఇల్లు. ముందు గదిలో దోసెల అంగడి, వెనక గదిలో నేనూ మా ఆయనా. సొంత గోడకు ఒక్క మేకు కొట్టుకోవాలని నాకు ముప్పై ఏళ్లుగా ఆశ. అద్దె గోడకు కొడితే ఓనరమ్మ తన నెత్తిన కొట్టినట్టు కేకలేస్తుంది. ఊరి బయట కట్టబోయే ఇళ్ల కోసం హైదరాబాదు కంపెనీ అమ్మాయి సర్వేకు వస్తోందని తెలిసింది.

ఫ్రిజ్జు కనబడితే పథకం అందదని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకే అంగడి కట్టేయగానే ఫ్రిజ్జు, గ్రైండరు, టీవీ పక్క వాటాలో అద్దెకున్న రమణమ్మ ఇంటికి చేరవేశాం. ఆమె ఇల్లు పెళ్లి సామాన్ల కొట్టులా తయారైంది. నేను చినుగుల చీర కట్టి చాప మీద కూర్చున్నాను. మా ఆయన గోడకు చేరగిలబడి దగ్గు అభ్యాసం మొదలుపెట్టాడు.

అమ్మాయి వచ్చి ఒళ్లో ట్యాబు పెట్టుకుంది. “నెలనెలా ఎంత కట్టగలరమ్మా?”

“ఏం కడతాం తల్లీ! పొద్దున తింటే రాత్రికి లేదు.”

“ఏం పని చేస్తారు?”

“పనేంది! ఈయన్ను చూస్తివి గదా, దగ్గడమే పని.”

మా ఆయన దగ్గాడు. నటన ముదిరి నిజం దగ్గే పట్టుకుంది. “నీళ్లు తాగండి పెద్దాయనా!” అని అమ్మాయి కంగారుపడింది. ఈ మహానుభావుడు గబగబా రమణమ్మ ఇంట్లోకి పోయి చల్లటి సీసా పట్టుకొచ్చాడు.

“పక్కింటోళ్లదమ్మా,” అన్నాను. “వాళ్లకేంది, కలిగినోళ్లు.”

అమ్మాయి అటు నడిచింది. వెనకే నేనూ. రమణమ్మ రెండు ఫ్రిజ్జుల మధ్య, కదలడానికి చోటు లేక, మహారాణిలా కూర్చుని ఉంది.

“మీరు నెలనెలా కట్టగలరా?”

“అద్దె కడతానే ఉండాం గదమ్మా. అదే ఇంటికి కడతాం.”

అమ్మాయి ముఖం వెలిగింది. “మీలాంటి వాళ్ల కోసమే వెతుకుతున్నాం! ఇవి ఊరికే ఇచ్చే ఇళ్లు కావు. అద్దె కట్టేవాళ్లకు ఎంత ధర పెడితే సొంతిల్లు అందుతుందో చూసి ప్రభుత్వానికి చెప్పడమే మా పని. కట్టలేమన్న వాళ్లకు ఇందులో రాదు.”

కాలే పెనం మీద నీళ్లు చల్లినట్టయింది నాకు. “అమ్మా! ఆ పెద్ద ఫ్రిజ్జు నాదే! గ్రైండరూ నాదే! దోసెలంగడి ఉంది నాకు, నేనూ కడతా!”

“అవునమ్మా, అన్నీ వదినవే. పొద్దునే తెచ్చి పెట్టినారు,” అంది రమణమ్మ. మంచి మనిషి.

రమణమ్మ మాటకు అమ్మాయికి కళ్లు చెమర్చాయి. ఆమెతోనే అంది: “పాపం, ఆమె మనసు నొప్పించకూడదని మీరు ఇలా అంటున్నారు. ఎంత మంచివారండీ!”

“ఏందమ్మా, నమ్మవా? పెనం పెట్టి దోసె పోసి చూపిస్తా, రా!”

ఆమె జాలిగా నా చెయ్యి పట్టుకుని, సంచిలోంచి ఒక పొట్లం తీసి పెట్టింది. “పొద్దున మా డ్రైవరు ఎక్కడో కట్టించుకొచ్చాడు. నేను తినలేదు. మీరు తినండమ్మా.”

ఆమె పోయాక విప్పి చూస్తే మా దోసెలే. మా శనక్కాయల చట్నీనే. మా ఆయన ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, “ఉప్పు తగ్గిందే,” అన్నాడు.

ఇల్లు రమణమ్మకు వచ్చింది. గృహప్రవేశానికి దోసెలు నేనే పోశాను. వచ్చినవాళ్లు ఎందుకు వచ్చారో అడగకుండా ఇక ఈ జన్మలో పేదరికం ఒలకబోయనని మా పెనం మీద ఒట్టు.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: ఆదెమ్మనైన నేను, మా ఆయన వెంకటయ్య, రమణమ్మ, పేరడగడం మరిచిన ఆ అమ్మాయి, వీధిలో జీపులో, మా దోసెలు కడుపునిండా తిని గుర్రుపెట్టి నిద్రపోతున్న డ్రైవరు మస్తాను. నా అంగడి చూసినవాళ్లలో ఆ అమ్మాయి నమ్మే సాక్షి అతనొక్కడే.