తొమ్మిదో పేజీలు రెండు

"ఇంతకీ నువ్వు లాయరమ్మవా, ఊరికే కూర్చున్నావా?"

అడిగినావిడ ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. పని పోయి, చేసిన పనికి జీతమూ రాక ఈ లాయరు ఆఫీసు మెట్లెక్కింది. అడిగించుకున్నది డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే పిల్ల. ఒళ్లో ఫైలు, చేతిలో పిన్నులు పీకే పటకారు. చూడ్డానికి పళ్ల డాక్టరు దగ్గర పనిచేసేదానిలా ఉంది.

"రెండూ కాదు ఆంటీ, ఇంటర్న్‌ని. లాయరు గారికి సాయంగా ఉండి పని నేర్చుకుంటున్నా."

"ఎంతిస్తారు?"

"ఏమీ ఇవ్వరు."

ఇస్త్రీ ఆంటీ ఆ పిల్లని ఓసారి ఎగాదిగా చూసి పక్క కుర్చీలో కూలబడింది. "నాకూ ఇవ్వలేదు. అయితే మనిద్దరిదీ ఒకటే కేసన్నమాట. నేను కనీసం ఇస్తారనుకుని చేశాను తల్లీ!"

ఆ ఆఫీసు ఒక తాళాల షాపు మీద రెండు గదులు. కింద తాళంచెవి కోసినప్పుడల్లా పైన గ్లాసులో నీళ్లు వణికేవి. లోపలి గదిలో లాయరు మేడమ్, ఆవిడ కన్నా ఎత్తుగా ఫైళ్లు. ముందు గదిలో గుమాస్తా, జెరాక్సు మెషిను, వచ్చిపోయే క్లయింట్లు. మెషినుకీ బాత్‌రూము తలుపుకీ మధ్య మిగిలిన జానెడు చోటులో ఈ పిల్ల కుర్చీ. ఎవరైనా బాత్‌రూముకి వెళ్లాలంటే ఆమె మోకాళ్లు ముడుచుకోవాలి.

చేరిన రోజే గుమాస్తా ఆమెకి ఒక ఫైళ్ల దొంతర అప్పజెప్పాడు. ప్రతి కాగితానికీ పిన్ను పీకాలి, జెరాక్సు తీయాలి, మళ్లీ పిన్ను కొట్టాలి. మధ్యాహ్నానికల్లా ఆమె పేరు పిన్ను అయిపోయింది. "పిన్నూ, ఆ నీలం ఫైలు", "పిన్నూ, కాస్త మోకాళ్లు." న్యాయాన్ని నిలబెట్టేదేమిటో పెద్దలు చెప్పాలిగానీ, దాన్ని చెదిరిపోకుండా పట్టుకున్నవి మాత్రం పిన్నులేనని ఆమెకి మొదటి వారంలోనే తేలిపోయింది.

కాలేజీ వాళ్లు మాత్రం దీన్ని పిన్నులని అనరు. అనుభవం అంటారు. అనుభవానికి వెల కట్టలేమని కరపత్రంలో లావుపాటి అక్షరాల్లో అచ్చు వేశారు. కట్టలేమన్నారు, కట్టలేదు, మాట మీద నిలబడ్డారు. ఇలా కొన్ని వందల గంటలు పనిచేసి, ఫలానా పిల్ల పని పూర్తి చేసిందని లాయరు చేత ఉత్తరం రాయించుకుని ఆఖరి శుక్రవారంలోగా ఇస్తేనే డిగ్రీ. ఇవ్వకపోతే ఫలితాలు తర్వాతి విడతకి.

పిన్నుకి ఆ ఉత్తరం కావాలి. జీవితంలో మరేదీ అక్కర్లేదన్నంతగా కావాలి. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం నుంచి క్లాసులు, శని ఆదివారాలు చెప్పుల షాపులో మోకాళ్ల మీద కూర్చుని ఊళ్లోవాళ్ల పాదాలకి కొలతలు. సోమవారం వచ్చేసరికి ఏది సెలవో ఏది పనో తెలిసేది కాదు. నాన్న సిటీ బస్సు డ్రైవరు, అమ్మ ఒక హాస్టల్లో వంటమనిషి, తమ్ముడు కొరియరు మూటలు మోస్తాడు. ఇంట్లో నలుగురి కాళ్లూ లాగుతుంటాయి, వేడినీళ్ల బకెట్టు మాత్రం ఒక్కటే. సాయంత్రమైతే దాని కోసం వాదనలు కోర్టులో కన్నా గట్టిగా నడిచేవి.

"పిన్నులు పీకడానికి డిగ్రీ కావాలా అక్కా?" అనేవాడు తమ్ముడు.

"డిగ్రీకి పిన్నులు కావాలిరా. బకెట్టు ఇటు జరుపు."

ఇస్త్రీ ఆంటీ కేసు చిన్నదే. మూడు నెలలు జీతమివ్వకుండా పని చేయించుకుని, దుప్పటి కాల్చిందని చెప్పి లాండ్రీ యజమాని పొమ్మన్నాడు. "కాల్చింది దుప్పటినో నన్నో ఇటు చూసి చెప్పమను," అని ఆవిడ మోచేతి మీది వాతలు చూపించేది. అయితే ఇలాంటి దావాకి గడువుంటుంది. ఆ గడువు ముగిసే రోజునే మేడమ్‌కి పొరుగూళ్లో వేరే కేసు పడింది. కాగితాలన్నీ సిద్ధం చేసి సంతకాలు పెట్టి, దాఖలు చేసే పని గుమాస్తాకి అప్పగించి వెళ్లింది. గుమాస్తాకేమో తెల్లారేసరికి దవడ బూరెలా పొంగి, పన్ను పీకించుకోవడానికి పోయాడు. పోతూ పోతూ ఫోన్లో, "పిన్నూ, నువ్వే పట్టుకెళ్లి ఇచ్చెయ్. ఏముంది, కౌంటర్లో ఇస్తే ముద్ర కొడతాడు," అన్నాడు. నిజంగానే ఏమీ ఉండేది కాదు, ఇస్త్రీ ఆంటీ ఆ పొద్దున్నే ఇంట్లో దొరికిందని ఒక జీతం చీటీ తేకపోతే.

పిన్ను పద్ధతి గల పిల్ల. అక్కడే వచ్చింది చిక్కు. ఆ చీటీని కట్ట చివర తగిలించి ఊరుకుంటే సరిపోయేది. కానీ నెలల వరుస తప్పకూడదని ఎనిమిదో పేజీ తర్వాత దూర్చి, దాని మూల తొమ్మిది అని వేసింది. తర్వాతి పేజీల అంకెలు మారుద్దామనుకునేలోపు ఫోను మోగింది, కింద ఆటో హారన్ కొట్టింది. అప్పటికే సిరాతో తొమ్మిది అని ఉన్న పేజీ తొమ్మిదిగానే ఉండిపోయింది.

కోర్టు కౌంటరు వెనక మనిషి నాలిక మీద వేలు తడుపుకుంటూ ఒక్కో పేజీ తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగాడు.

"తొమ్మిది రెండున్నాయేంటి? కవలలా?"

పిన్ను కౌంటరు మీదికి వంగి చూసింది.

"ఇక్కణ్ణుంచి చివరిదాకా అన్నీ తప్పే. ముందు పెట్టిన పట్టికకీ లోపల పేజీలకీ పొంతన లేదు. దిద్దుకురా. దిద్దిన ప్రతి చోటా మీ మేడమ్ పొడి సంతకం ఉండాలి. లేకపోతే రేపు కొత్త కట్ట తెచ్చుకో."

"రేపటికి గడువైపోతుంది సార్."

"నేను పెట్టానా గడువు?"

మేడమ్ ఫోను కోర్టు హాల్లో ఆపేసి ఉంది. గుమాస్తా నోరు డాక్టరు చేతిలో ఉంది. వెంట వచ్చిన ఇస్త్రీ ఆంటీ పక్కన నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమంటున్నాడమ్మా? నా డబ్బులు పోయినట్టేనా?"

ఇక్కడ ఆ ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. దిద్దిన చోట మేడమ్ పెట్టవలసిన పొడి సంతకం ఒక కొక్కెం, దాని మీద ఒక చుక్క. కొక్కెం వేసేది మేడమ్ కాదు, గుమాస్తా. ఎప్పుడో మేడమ్‌కి జ్వరం వచ్చినప్పుడు మొదలైంది. జ్వరం తగ్గింది, అలవాటు తగ్గలేదు. ఫోన్లు ఎత్తుతూ, నమిలే వక్కపలుకు బుగ్గ మార్చుకుంటూ అతను కొక్కేలు వేసిపారేయడం పిన్ను రోజూ చూసింది. సంతకం పవిత్రమైనదని కాలేజీలో మాస్టారు గంటసేపు చెప్పిన పాఠం కన్నా ఆ కొక్కెమే ఆమెకి బాగా వచ్చింది.

కిటికీ కింద బెంచీ మీద కూర్చుని, తొమ్మిదిని పది చేసి, పదిని పదకొండు చేసి, పక్కన కొక్కెం, మీద చుక్క. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు మొదటి కొక్కెం వంకర పోయింది. రెండోది మరీ లావైంది. చివరి పేజీలకి వచ్చేసరికి కాస్త కుదిరింది. అదే కొంప ముంచింది.

కౌంటరు మనిషి కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. "మొదటివాటికీ చివరివాటికీ పోలికే లేదు. ఎవరివమ్మా ఇవి?"

"మేడమ్‌వే."

"మేడమ్ ఊళ్లో లేదని మీ గుమాస్తా నిన్ననే చెప్పాడు. అయినా మేడమ్ కొక్కెం నేనెప్పుడు చూశాను గనక! నాకు తెలిసింది మీ గుమాస్తాది. ఇది ఆయనది కూడా కాదు."

ఇస్త్రీ ఆంటీ కౌంటరు మీద రెండు మోచేతులూ ఆనించింది. వాతలు పైకి కనబడేట్టుగానే ఆనించింది. "బాబూ, కొక్కెం ఎవరిదైతేనేం, జీతం నాది కదా?"

అతను కాసేపు ఆ చేతుల వంక చూసి, విసుగ్గా ముద్ర తీసి ఆ రోజు తేదీ కొట్టాడు. కిందే ఎర్ర సిరాతో రాశాడు: ఈ దిద్దుబాట్లు తనవేనో కాదో లాయరు వారంలోగా రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే దాఖలు చెల్లదు.

అది మంగళవారం. కాలేజీకి ఉత్తరం రాయించుకోవాల్సింది ఆ శుక్రవారమే. వారమంటే మళ్లీ మంగళవారం దాకా టైముంది.

ఈ లెక్క ఇంట్లో అందరికన్నా ముందు తమ్ముడికి అందింది. "శుక్రవారం దాకా నోరు మెదపకు. ఉత్తరం చేతికొచ్చాక సోమవారం పోయి కాళ్ల మీద పడు. ఎవరికీ నష్టం లేదు."

"మేడమ్‌కి ముందే తెలిస్తే?"

"ఎవరు చెప్తారు, కౌంటరువాడా? వాడికదే పనా?"

అమ్మ బకెట్టులో కాళ్లు పెట్టుకుని కళ్లు మూసుకునే ఉంది. "చెప్తే చెప్పు, మానితే మాను. కానీ రెండింటి మధ్యా ఊగుతూ నా పక్కన దొర్లకు. పొద్దున్నే నాకు నాలుగొందల మందికి వండాలి."

పిన్ను బుధవారం పొద్దున్నే చెప్పేసింది. నిజాయితీ గురించి రాసే పుస్తకాల్లో వేసుకోవడానికి ఇది పనికిరాదు. ఆమెని కదిలించింది అంతరాత్మ కాదు, అలసట. శుక్రవారం దాకా మొహం మామూలుగా పెట్టుకుని తిరగడం కూడా ఒక పనే. ఇంకో పని నెత్తికెత్తుకునే ఓపిక ఆమెకి లేదు.

మేడమ్ విన్నంతసేపూ చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. తర్వాత కట్ట నకలు తెప్పించుకుని చూసింది.

"ఎనిమిది పక్కన 'ఎ' అని వేస్తే ఒక్క దిద్దుబాటుతో పోయేది. ఒక్క దొంగ సంతకంతో పోయేదానికి పేజీకొకటి పెట్టావు."

మేడమ్ చివరి పేజీలోని కొక్కెం మీద వేలు పెట్టింది.

"ఎక్కడ నేర్చుకున్నావ్ ఇది?"

పిన్ను చూపు తనకి తెలియకుండానే ముందు గదిలోకి పోయింది. మేడమ్ చూపూ వెంటే పోయింది. బుగ్గలో దూది పెట్టుకున్న గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"ఎన్నాళ్లనించి వేస్తున్నారండీ మీరు నా కొక్కెం?"

"మీలు వెయ్యమన్నప్పత్నించేనమ్మా," అన్నాడతను దూది అడ్డంపడుతుంటే.

తర్వాత మేడమ్ ఒక తెల్లకాగితం తీసుకుని తన చేత్తోనే రాసింది. ఆ దిద్దుబాట్లు తన ఆఫీసులో విద్యార్థిని చేసినవనీ, చూసుకోకపోవడం తన తప్పనీ, వాటిని తనవిగా ఒప్పుకుంటున్నాననీ రాసి, ఈసారి పూర్తి సంతకం పెట్టింది. పిన్ను చేతికే ఇచ్చి కౌంటరుకి పంపింది. దావా నిలబడింది. మేడమ్‌కి పైనుంచి ఒక మందలింపు కాగితం వచ్చింది. ఆవిడ దాన్నీ ఫైలు చేయించింది, పిన్ను చేతే.

శుక్రవారం మేడమ్ ఉత్తరం రాయలేదు.

"మంగళవారం గంటలు కొట్టేస్తున్నాను. ఆ రోజు నువ్వు చేసింది నా దగ్గర నేర్చుకునే పనుల్లో లేదు. సోమవారం వచ్చి ఆ గంటలు మళ్లీ చెయ్, అప్పుడు రాస్తాను."

"మేడమ్, ఈరోజే ఆఖరు. ఫలితాలు తర్వాతి విడతకి పోతాయి."

"తెలుసు."

"గుమాస్తా అంకుల్ ఇన్నేళ్లుగా వేశారు కదా. ఆయన గంటలు కొట్టేయలేదే?"

మేడమ్ కోప్పడలేదు. కళ్లజోడు తీసి ముక్కు మీది గాటు రుద్దుకుంది. ఆ క్షణాన ఆవిడ కూడా సాయంత్రం బకెట్టు కోసం వెళ్లే మనిషిలాగే కనబడింది.

"ఆయనవి కొట్టేస్తే రేపు ఆఫీసు తలుపు తీసేవాళ్లుండరు. నీవి కొట్టేయొచ్చు. ఇది న్యాయం కాదని నాకూ తెలుసు. సోమవారం రా."

సోమవారం పిన్ను వెళ్లింది. పొద్దుగూకేదాకా పేజీలకి అంకెలు వేసింది, ఈసారి పెన్సిలుతో. మధ్యాహ్నం మేడమ్ కోర్టు నుంచి ఫోను చేస్తే గుమాస్తా, "అలాగేనమ్మా, అలాగే," అని పెట్టేసి, ఒక ఫైలు తెరిచి, పిన్నుకి వీపు కనబడేట్టు కుర్చీ తిప్పుకున్నాడు. మోచెయ్యి చిన్నగా కదిలింది, ఒక వంపు, ఆపైన ఒక పోటు. పిన్ను తన కాగితాల్లోంచి తల ఎత్తలేదు.

సాయంత్రం ఉత్తరం వచ్చింది. నాలుగు వాక్యాలు. మూడు అందరికీ రాసేవే. నాలుగోది ఇది: "ఇచ్చిన పని చేస్తుంది, అప్పుడప్పుడు ఇవ్వని పని కూడా చేస్తుంది, అడగకముందే చెబుతుంది." కాలేజీ ఆఫీసులో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, ఇది మెచ్చుకోలా ఫిర్యాదా అని అడిగాడు. తనకీ తెలియదంది పిన్ను. ఎలాగూ గడువు దాటిందని చెప్పి, తర్వాతి విడత కాగితాల్లో కలిపేశాడు.

ఆ విడత వచ్చేదాకా ఆమె వారమంతా చెప్పుల షాపులోనే పనిచేసింది. ఒకరోజు ఇస్త్రీ ఆంటీ వెతుక్కుంటూ వచ్చి, కొననని ముందే చెప్పి, నాలుగు జతలు తొడిగించుకుని చూసింది. "ఇంకా లాయరమ్మవి కాలేదా?" అంది, అయిదో జతకి కాలు చాస్తూ.

"కాలేదు ఆంటీ. మీ తీర్పు వచ్చిందటగా?"

"వచ్చింది. మూడు నెలలదీ కట్టమన్నారు. వాడు ఏడ్చుకుంటూ నెలకింత అని కడుతున్నాడు. ఇవి బిగుతమ్మా, ఇంకో సైజు చూడు."

పిన్ను లోపలికి వెళ్లి పెద్ద సైజు తెచ్చి, మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది.

ఆ మూడు నెలల జీతంలో రెండు నెలలది వచ్చింది. మూడోది లాండ్రీ యజమాని ఇంకా బాకీ.