ఆరేదాకా నడిచిన బూట్లు

హైటెక్ సిటీలో డ్యూటీకి రిపోర్టు చేసింది ఒక సోమవారం, ఉదయం ఆరు ఇరవైకి. ఏప్రిల్ నెల. ప్రగతి నగర్‌లోని అద్దె గది నుంచి రెండు బస్సులు మారి వచ్చాను. చేతిలో ఒక సంచి. అందులో రెండు జతల యూనిఫారం, పాలిష్ డబ్బా, బ్రష్, నీళ్ల సీసా. పదిహేడేళ్లు పదాతిదళంలో పనిచేసి హవల్దారుగా రిటైరైన మనిషిని. ఇక్కడ నా హోదా సెక్యూరిటీ సూపర్‌వైజర్. మా చుట్టాల్లో కొందరు దాన్ని వాచ్‌మన్ల మేస్త్రీ అన్నారు. అననీ. నాకు మాత్రం అదీ ఒక పోస్టింగే.

కొత్త చోటికి వెళితే ముందు నేల చూడాలి. చూశాను. మూడు అద్దాల భవనాలు, రెండు గేట్లు, నేల కింద మూడు అంతస్తుల పార్కింగ్. ప్రహరీ వెంట తారు రోడ్డు, చుట్టు కొలత కిలోమీటరూ పావు. పడమర వైపు ఒక్క చెట్టు లేదు. ఎండ పైనుంచి ఒకసారి, అద్దాల మీద పడి ఇంకోసారి తగులుతుంది. పగటి షిఫ్టు ఏడు నుంచి ఏడు. మనుషులు నలభై రెండు మంది. గేటు దగ్గర వాళ్లు నిలబడాలి, గస్తీ వాళ్లు నడవాలి. కూర్చోవడానికి అనుమతి లేదు. కొండల మీద గస్తీలో కూడా మధ్యలో ఒక రాయి చూసుకుని కూర్చోనిచ్చేవారు. ఇక్కడ కుర్చీ కనబడితే మేనేజ్‌మెంటుకు కోపం.

గస్తీ వాళ్లలో ఒకాయన పేరు యాదగిరి. యాభై మూడేళ్లు, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. మూసాపేటలో ఉంటాడు. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లు లేత్ మిషను మీద పనిచేశాడు. అది మూతపడ్డాక ఈ యూనిఫారం వేసుకున్నాడు. రోజుకు పద్నాలుగు చుట్లు తిరగాలి. అంటే పదిహేడున్నర కిలోమీటర్లు. ఎప్పుడూ తొందర లేదు, ఎప్పుడూ ఆలస్యం లేదు. మాది శ్రీకాకుళం వైపు కాబట్టి నా మాట ఆయనకు వేడుక.

“మీరు మాట్లాడితే రేడియోల వార్తలు ఇన్నట్టుంటది సార్,” అనేవాడు.

వాకీటాకీలో ఆయన రిపోర్టులు నాకు భలే ఇష్టం.

“కంట్రోల్, గస్తీ వన్. ఎనక గేటు ఓకే. ఒక కుక్క పండుకున్నది. లేపాల్నా?”

“వద్దు. పడుకోనీండి. ఓవర్.”

“నేను గూడ గదే అనుకున్న సార్. ఓవర్.”

మా కష్టమల్లా బూట్లతోనే. సెక్యూరిటీ ఏజెన్సీ ఇచ్చినవి చూడ్డానికి తోలులా ఉంటాయి కానీ తోలు కాదు. లోపల అట్ట. మే నెల ఎండకు తారు మెత్తబడితే అడుగు ఊడి చేతికొచ్చేది. సాయంత్రానికి మనుషులు కుంటుతూ బస్సెక్కేవాళ్లు. నేను పోరగా పోరగా ఫెసిలిటీ మేనేజర్ ఒకరోజు పిలిచాడు. మంచి మనిషే. ఎప్పుడూ ఫోను చూస్తూ మాట్లాడతాడు.

“మీరు ఫౌజీ కదండీ, బూట్లు మీరే సెలెక్ట్ చేయండి. లైట్‌గా ఉండాలి, మన్నాలి, ఆర్మీ లుక్ రావాలి. వచ్చే నెల మొదటి సోమవారం క్లయింట్ విజిట్ ఉంది. ఆ రోజుకి అందరి కాళ్లకీ కొత్తవి కనబడాలండీ.”

చాలా సంతోషించాను. దాచుకోను. ఆ ఊళ్లో నాకు తెలిసిన విద్య ఒకటి ఒకరికి అవసరపడటం అదే మొదటిసారి.

మూడు రకాల నమూనాలు తెప్పించాను. కొరియర్ల గదిలో పార్సిళ్లు తూచే మిషను మీద పెట్టాను. మొదటిది పూర్తి తోలు. జత రెండు కిలోలకు కొంచెం తక్కువ. మా పాత ఫౌజీ బూటు లాంటిదే, పదేళ్లు చెక్కుచెదరదు. కానీ పద్నాలుగు చుట్లలో ఆ బరువు ఎన్నివేల సార్లు ఎత్తాలో లెక్కేసుకోండి. రెండోది కిలో లోపు. చేతిలో పట్టుకుంటే దూది. వంచి చూశాను, నడిమికి మడతపడింది. బూటు వేళ్ల దగ్గర వంగాలి, నడుమ దగ్గర కాదు. నడుమ దగ్గర వంగితే అరికాలు చచ్చిపోతుంది. మూడోది కిలో పావు. ముందు భాగం, మడమ మాత్రం తోలు. మధ్యలో గాలి ఆడే మందపాటి గుడ్డ. అడుగు ఒకే రబ్బరు పోత, అతుకు లేదు. మూడు రోజులు నేనే వేసుకుని యాదగిరితో పాటు పద్నాలుగు చుట్లూ తిరిగాను. అదే ఖాయం చేశాను.

కొలతలు కూడా నేనే తీశాను, సాయంత్రం ఏడు దాటాక. పొద్దుటి కాలు వేరు, సాయంత్రం కాలు వేరు. రోజంతా నిలబడ్డ కాలు ఉబ్బుతుంది. బొటనవేలికి ముందు ఒక వేలి మందం ఖాళీ ఉండాలి. యాదగిరి తనది ఎనిమిదో నంబరు అన్నాడు. కొలిస్తే తొమ్మిది వచ్చింది.

“గిన్నేండ్లు ఒక నంబరు తక్కువేసుకొని తిరిగిన్నా సార్?” అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

“నొప్పి తెలియలేదా?”

“ఏమో సార్. ఎప్పుడు అనిపియ్యలే.”

ఆ మాట నాకు వినబడింది. వినబడి కూడా వదిలేశాను. తొమ్మిది అని కాగితం మీద రాసుకున్నాను.

బూట్లు రావడం ఆలస్యమైంది. శుక్రవారం మధ్యాహ్నం నాలుగుకు వచ్చాయి. సోమవారం పొద్దున్నే విజిట్. మడమ దగ్గర తోలు చెక్కలా ఉంది. పద్ధతి ప్రకారం కొత్త బూటు రోజుకు గంట చొప్పున పదిరోజులు వేసుకుంటే కాలికి అలవాటు పడుతుంది. మాకున్నది రెండు రోజులు. అప్పుడు మా యూనిట్లో పాతవాళ్లు నేర్పిన ఉపాయం గుర్తొచ్చింది. బూట్ల నిండా గోరువెచ్చని నీళ్లు పోయాలి. ఐదు నిమిషాలు ఉంచి వంపేయాలి. రెండు సాక్సులు తొడుక్కుని ఆ తడి బూట్లు బిగించి, అవి కాలి మీదే ఆరేదాకా నడవాలి. తోలు ఆ కాలి ఆకారం పట్టేస్తుంది. నేను రిక్రూటుగా ఉన్నప్పుడు అలాగే చేశాను.

శనివారం ఏడున్నరకు పన్నెండు మందిని గేట్ల దగ్గర ఉంచి, మిగతా ముప్పై మందిని వరుసలో నిలబెట్టాను. క్యాంటీన్ నుంచి బకెట్లతో వేడినీళ్లు వచ్చాయి. ఆఫీసులకు సెలవు, రోడ్డంతా మాదే. నడిపించాను. మూడో చుట్టుకు గొణుగుడు మొదలైంది. ఐదో చుట్టుకు సగంమంది గట్టు మీద కూలబడ్డారు. ఎండ అప్పటికే ముప్పై ఐదు దాటింది. యాదగిరి ఆగలేదు. తొమ్మిది చుట్లు తిరిగాడు, బూట్లు పూర్తిగా ఆరేదాకా. ముఖంలో ఒక్క గీత మారలేదు.

వాళ్లందరి ముందు ఆయన భుజం మీద చెయ్యేశాను.

“చూడండి. యాభై మూడేళ్ల మనిషి. ఒక్కమాట అనలేదు. సిపాయి అంటే ఇలా ఉండాలి.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన సిగ్గుపడి తల వంచుకున్నాడు.

తర్వాత అడిగాను, ఎవరికి నొప్పిగా ఉంది అని. ముగ్గురు చేతులెత్తారు. ఆ ముగ్గురి బొబ్బలకూ మందు రాసి పట్టీ వేశాను. అంతటితో వదిలేశాను.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. ఫౌజులో మార్చ్ అయ్యాక ఎవరికి నొప్పి అని అడగరు. అందరినీ బూట్లు విప్పమంటారు. వరుసగా కూర్చున్న వాళ్ల కాళ్లను సెక్షన్ కమాండరు తన చేతుల్లోకి తీసుకుని వేళ్ల సందులు, మడమ, అరికాలు చూస్తాడు. తనకేం కాలేదన్న వాడిది ఇంకా శ్రద్ధగా చూస్తాడు. ఆ పని నేను ఎన్నో ఏళ్లు చేశాను. ఇక్కడ చేయలేదు. నాకంటే పెద్దవాడు, వద్దు వద్దంటూ మొహమాటపడే మనిషి. ఆయన కాలు నలుగురిలో నేను పట్టుకుంటే ఆయనకు బాగోదు, నాకూ బాగోదు అనుకున్నాను. ఇది ఆఫీసు, ఫౌజు కాదు అనుకున్నాను. తడి బూట్లు వేయించినప్పుడు మాత్రం ఆ తేడా నాకు గుర్తు రాలేదు.

సోమవారం విజిట్ బాగా జరిగింది. క్లయింట్లు మా వరుసను ఫొటో తీసుకున్నారు. మేనేజరు నాకు చెయ్యి కలిపాడు. సోమ, మంగళ, బుధ, మూడు రోజులూ యాదగిరి పద్నాలుగేసి చుట్లు తిరిగాడు.

గురువారం మధ్యాహ్నం రెండు పదికి వాకీటాకీ పలికింది. రెండో గేటులో బ్యాగులు తనిఖీ చేసే లేడీ గార్డు.

“సూపర్‌వైజర్ సార్, జర గేట్ టూకు రండి. యాదగిరన్న నడిసిన కాడల్లా తడి మరక పడుతున్నది. వాన గూడ లేదు. ఓవర్.”

పరిగెత్తాను. గార్డు రూములో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఏం లేదు సార్, చెమట సార్ అంటూనే ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని ఎడమ బూటు తాడు విప్పాను. వాసన ముందు వచ్చింది. సాక్సు మడమకు అతుక్కుపోయి ఉంది. నీళ్లతో తడిపి మెల్లగా లాగితే చర్మం దానితో పాటే వచ్చింది. లోపల నల్లగా ఉంది. ఆయన వంగి, ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూశాడు.

“ఏంది సార్ గిది? నొప్పే లేదు గద.”

“మీకు షుగరుందా?”

లేడీ గార్డు బయటికి వెళ్లాక చెప్పాడు.

“తొమ్మిదేండ్ల సంది ఉన్నది సార్. రాస్తే నౌకరి ఇయ్యరని ఫారంల లేదని పెట్టిన. ఎవరికి చెప్పకుండ్రి.”

ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరమ్మ సన్నటి పుల్లతో ఆయన అరికాలు గీసింది. ఆయనకు తెలియలేదు. నరాలు ఎప్పుడో మొద్దుబారాయి, పుండు పడినా నొప్పి రాదు, రోజూ కళ్లతో చూసుకోవాల్సిందే అని చెప్పింది. కాలు ఉంటుందా అని అడిగాను. ప్రయత్నిద్దాం అంది. నాలుగో రోజు రెండు వేళ్లు తీశారు. రోజూ డ్యూటీ దిగి వెళ్లేవాణ్ని. వెళ్లగానే దుప్పటి ఎత్తి చూసేవాణ్ని, ఎరుపు ఎంతవరకు పాకిందో. అది పైకే పాకింది. పదకొండో రోజు మోకాలి కింద జానెడు వదిలి కాలు తీసేశారు.

మేనేజరు దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు.

“ఫారంలో షుగర్ లేదని ఆయనే రాశాడు కదండీ. మీ తప్పేముంది చెప్పండి? బూట్ల గురించి కంప్లయింట్ ఒక్కటి కూడా లేదు.”

నిజమే. నేను ఎంచిన బూట్లలో ఏ లోపమూ లేదు. ఇప్పటికీ మిగతావాళ్ల కాళ్లకు అవే ఉన్నాయట.

ఆగస్టులో ఉద్యోగం మానేశాను. ఊరికి బయలుదేరే రోజు ఉదయం పదింటికి మూసాపేట వెళ్లాను. ఒక గది, వంటిల్లు. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. వాళ్లావిడ చాయ్ తెచ్చి పెట్టింది. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది. గ్లాసు పట్టుకుని, దారంతా కూడగట్టుకున్న మాట చెప్పేశాను.

“తప్పు నాదండీ యాదగిరి గారూ. ఆ శనివారం మీ బూట్లు విప్పించి నేను చూడాల్సింది.”

“మీరు చూడకపోతేంది సార్? నేను చూసిన గద. ఆదివారం తానం చేసేటప్పుడు చూసిన. మడమకు ఇంత పుండు పడ్డది.”

“మరి చెప్పలేదేం?”

ఆయన వాళ్లావిడ వైపు చూశాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

“ఎట్ల జెప్త సార్? అందరి ముందట సిపాయి అంటిరి. ఇంటికొచ్చి ఈమెకు జెప్పిన, బిడ్డకు ఫోన్ జేసి జెప్పిన. ఇరవై రెండేండ్లు లేత్ మీద నిలవడ్డ. ఒక్కడు గూడ గంత మాట అనలే. తెల్లారి పుండు పడ్డదని ఎట్ల జెప్త?”

చాయ్ పూర్తిగా తాగాను, మిగిలిస్తే వాళ్లు బాధపడతారని.

ఊరికొచ్చి ఎనిమిది నెలలైంది. మా వైపు కుర్రాళ్లు ఆర్మీ సెలెక్షనుకని రోడ్ల మీద పరిగెడుతుంటారు. ఏ బూట్లు కొనమంటారు మాస్టారూ అని వచ్చి అడుగుతారు. బరువు చెబుతాను, వంపు ఎక్కడుండాలో చెబుతాను, సాయంత్రం వెళ్లి కొనమంటాను. తడి బూట్ల ఉపాయం చెప్పను. కొండల మీద పదిహేడేళ్లలో చూసినవి చాలావరకు మసకబారిపోయాయి. ఆ మూసాపేట గదిలో చివరి నిమిషం మాత్రం పోవడం లేదు.

ఆ రోజు నేను సంచి తీసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. వెనక నుంచి, “ఆగుండ్రి సార్, గల్లీ దాక వస్త,” అన్నాడు. తిరిగి చూశాను. మంచం మీంచి లేచి నిలబడ్డాడు, నిటారుగా. వరుసలో నిలబడ్డప్పుడు నేను నేర్పినట్టే ఎడమ కాలు ముందుకు వేశాడు. ఖాళీ లుంగీ అంచు ఊగింది. పడబోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన బరువంతా నా మీద ఉంది. నా భుజం మీంచి కిందికి, నేల వైపు చూశాడు.

“మరిసిపోయిన సార్,” అన్నాడు.