అక్కకిచ్చిన పొట్లం

నేను తెచ్చిన కూరగాయ ఏదీ మా అక్కకు నచ్చేది కాదు. "ఏందిరా గీ బెండకాయలు? పొయ్యిల వెట్టనీకి తెచ్చినవా?" అని సంచి నా ముందే కుమ్మరించేది. నాకేమో ముక్కు మీద కోపం. "అయితే నువ్వే పోయి తెచ్చుకో!" అని అరిచి, ఆ వెంటనే నాలుక కరుచుకునేవాణ్ని. ఆమెకు పదేళ్ళుగా కీళ్ళవాతం. చేతివేళ్ళు వంకరపోయాయి, మోకాళ్ళు వాచి గుమ్మం దాటడమే గగనమైపోయింది. చందానగర్ మార్కెట్ మా ఇంటికి నాలుగు సందుల దూరం, అంతే.

తొంభైల చివరి మాట ఇది. మాదాపూర్ వైపు గుట్టలు పగలగొట్టి పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్నారు. అందులో ఒక బిల్డింగుకు నేను సూపర్‌వైజర్ని. ఆ ఉద్యోగం ఇచ్చిన ధీమాతోనే అక్కను పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. కుడి మోకాలు మార్చాలన్నాడు డాక్టరు. కోస్తా మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు.

"చూడండమ్మా, ఈ జబ్బున్నవాళ్ళకి అసలే రక్తం తక్కువ. ఆపరేషన్లో ఎంత తక్కువ పోతే అంత మంచిది. రెండు నెలలు ఐరన్ మాత్రలు వేసుకోండి. ఒంట్లో రక్తం పెరిగితే మీదే ఒక సీసా ముందుగా తీసి దాచిపెడతాం. ఆఖరి పది రోజులు మాత్రం నొప్పి మాత్రలు ముట్టుకోకండి. అవి వేసుకుంటే రక్తం తొందరగా ఆగదండి."

"మార్కెట్ దాంక నడుస్తనా సారూ?"

"మార్కెట్‌కి వెళ్ళడమేంటి, సంచీ కూడా మీరే మోసుకొస్తారు."

అక్క నా వైపు తిరిగింది. "ఇన్నవా? ఇగ నీ ముదురు బెండకాయలు బంద్!"

చెప్పినవన్నీ చేసింది. ఒంట్లో రక్తం పెరిగింది, సీసా తీసి దాచారు. నొప్పి మాత్రలు ఆపిన ఆరో రోజు పొద్దున అన్నం పళ్ళెం చేతిలోంచి జారిపోయింది. గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ పదేళ్ళలో అక్క ఏడవగా నేను చూడలేదు. నా చొక్కా జేబులో పొట్లం ఉంది. మా సైటు దగ్గర మందుల షాపువాడు, ఒళ్ళు నొప్పులంటే చాలు, రంగురంగుల మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. సెట్టు అనేవాళ్ళం. స్లాబు వేసిన రోజు కూలీలూ మేస్త్రీలూ నేనూ, అందరం అవే మింగేవాళ్ళం. వాటి పేర్లేమిటో ఏ ఒక్కరం అడగలేదు. ఆ పొట్లం తీసి అక్క చేతిలో పెట్టాను.

"డాక్టర్ వద్దన్నడు గదరా."

"ఆయన వద్దన్నవి చీటీల రాసినవక్కా. ఇవి వేరే. ఒళ్ళు నొప్పుల గోలీలు, గంతే. జర మింగు."

ఇవీ ఆయన వద్దన్నవేనేమో అనిపించింది. అయినా ఆమె ఏడుపు చూడలేకపోయాను. ఆపరేషన్ ముందు రోజు దాకా పూటపూటకూ ఇచ్చాను. దవాఖానలో చేర్చుకునేటప్పుడు నర్సు అడిగింది, నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా అని. లేదన్నాను. అక్కను అననివ్వకుండా నేనే అన్నాను.

రక్తం రాకుండా తొడకు పట్టీ బిగించి కోసినంతసేపూ అంతా సవ్యంగానే ఉందట. పట్టీ విప్పాక రక్తం ఆగలేదు. మోకాలి పక్కన పెట్టిన గొట్టంలోంచి కింది సీసా నిండుతూనే ఉంది. దాచిన రక్తం ఎక్కించారు, చాల్లేదు. బయటి రక్తం ఇంకో రెండు సీసాలు కావాల్సి వచ్చింది. అక్క పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

మూడో రోజు డాక్టరు మంచం దగ్గర నిలబడ్డాడు. "ఏం వేసుకున్నారు? నిజం చెప్పండి."

నేను పక్కనున్న ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాను. అక్క నా వంక చూడనైనా చూడలేదు.

"నేనే తిన్న సారూ. ఓర్సుకోలేక దొంగతనంగ తిన్న. మా తమ్మునికి ఎర్క లేదు."

అంత నెమ్మదస్తుడూ వార్డంతా వినేలా ఆమెను తిట్టాడు. సైటులో ఒక ఇటుక వంకర పెడితే ఇంతెత్తున లేచే నేను, తలొంచుకుని ఫ్లాస్కు మూత బిగిస్తూ నిలబడ్డాను. ఛీ, ఏం బతుకు అనిపించింది.

ప్రాణం దక్కింది. కీలులో రక్తం పేరుకుని మోకాలు వాచిపోవడంతో, మొదటి వారాల్లో వంచాల్సిన కాలు వంచలేకపోయింది. తరువాత ఎంత తిప్పలు పడ్డా సగమే వంగింది. ఎడమది కూడా చేయిద్దామంటే చేతులు జోడించింది. "వద్దు తమ్మీ. ఉన్నదానితోనే ఎల్లదీస్త." చేతికర్రతో వంటింట్లోంచి గుమ్మం దాకా నడిచేది. మార్కెట్ దాకా ఏనాడూ పోలేదు. తప్పు నాదేనని చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఆమే మాట మార్చేది. నేనూ మార్చనిచ్చేవాణ్ని.

అప్పటి నుంచి బెండకాయలు ఒక్కొక్కటీ కొన విరిచి చూసి తెచ్చేవాణ్ని. బండివాళ్ళు విసుక్కునేవారు. అక్క సంచి విప్పి "మంచిగున్నయ్ రా" అనేది. మళ్ళీ తిడితే బాగుండునని ఒకసారి కావాలనే అన్నీ ముదురువే ఏరి తెచ్చాను. ఆమె వంకర వేళ్ళతో వాటిని ఓపిగ్గా తరిగి పులుసు పెట్టి, నాకు వడ్డించింది.